మే నెల నత్తలు

నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం తప్పు. ఆ సంగతి యూనివర్సిటీలో సమర్పించకముందే నాకు తెలుసు. తెలిసే సమర్పించాను.

ఈ మూడు ముక్కలు రాయడానికి రిటైరయ్యాక కూడా నాకు చాలాకాలం పట్టింది. ఇవాళ కూడా రాసి, లేచి, వరండాలో నాలుగుసార్లు తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను. ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీలు, ఏ ప్రిన్సిపాల్ ఎలాంటివాడు, ఇవేవీ ఇక్కడ ఉండవు. అలాంటివి ఇతరులు రాస్తే చదివాను, రెండో పేజీకే నిద్రొచ్చింది. పరిశోధనలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొచ్చే మాట నా దగ్గర ఒకటే ఉంది. అది నత్తల గురించి. నత్తల గురించి అంటే నా గురించే అనుకోండి.

ముందే చెప్తున్నాను, నాకు కుదురు తక్కువ. ఒక చోట పది నిమిషాలు కూర్చుంటే కాళ్ళు పీకుతాయి. చిన్నప్పుడు మా అమ్మ "కాళ్ళకి చక్రాలు కట్టుకు పుట్టావే నువ్వు" అని తిట్టేది. మైక్రోస్కోపు ముందు మాత్రం గంటలు గడిచినా తెలిసేది కాదు. కోపమూ ఎక్కువే. ఇది చదువుతూ నా మీద కోపం తెచ్చుకుంటే తెచ్చుకోండి, నాకంటే ఎక్కువ తెచ్చుకోలేరు.

జల్లెడ కణం

సంగతేంటో తెలియకపోతే తప్పేంటో తెలియదు కాబట్టి కాస్త పాఠం చెప్తాను. తొందరగా ముగిస్తాను.

మన మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే చోట ఒక రకం కణాలు ఉంటాయి. సన్నటి రక్తనాళాల చుట్టూ వేళ్ళు చాపి, పట్టుకుని కూర్చుంటాయి. ఆ వేళ్ళ మధ్య సందుల్లోంచి నీరు, లవణాలు, మలినాలు కిందికి దిగుతాయి. పెద్ద పదార్థాలు రక్తంలోనే ఉండిపోతాయి. నత్త గుండె గోడలో కూడా ఇంచుమించు ఇలాంటి కణాలే ఉన్నాయి. చదును పురుగుల్లోనూ, కీటకాల్లోనూ వడపోత కణాలున్నాయి. ఒక్కోదాని ఆకారం ఒక్కో తీరు, సందుల పద్ధతి మాత్రం అదే.

నత్తల జాతిలో ఇంకో కణం ఉంది. దానికి గొట్టం లేదు, అవయవం లేదు. మెత్తటి కణజాలంలో ఒంటరిగా పడి ఉంటుంది, ఒక్కోసారి రక్తంలో తేలుతూ కనబడుతుంది. దాని అంచున సన్నటి చీలికలు, చీలికల వెనక చిన్న ఖాళీ. అంటే తన జల్లెడ తనే మోసుకు తిరిగే కణం. పుస్తకాల్లో రోగోసైట్ అంటారు. మా క్లాసులో జల్లెడ కణం అనేవాళ్ళం.

ఒంటరి కణానికి జల్లెడెందుకు? వడగట్టి ఎక్కడ పోస్తుంది? మూత్రపిండాలు పుట్టకముందు జీవులకు ఇలాంటి కణాలే దిక్కా, లేక రెండూ వేర్వేరుగా ఒకే ఉపాయం కనిపెట్టుకున్నాయా? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది చూడండి, అన్నం తింటున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే. తొంభైల మధ్యలో మాలాంటి కాలేజీ లెక్చరర్లకు మూడేళ్ళు జీతంతో సెలవిచ్చి పీహెచ్‌డీ చేసుకోమనే సదుపాయం ఉండేది. నాకు అది దొరికింది. ఎగిరి గంతేశాను.

గైడు

నా గైడు విశ్వనాథం గారు. వేరే ఊళ్ళో ప్రొఫెసరు. నెలకోసారి బస్సు దిగి మా కాలేజీ ల్యాబ్‌కు వచ్చి నా స్లైడ్లు చూసేవారు. ఆయన మంచివారు. ఈ మాట ముందు రాయకపోతే తర్వాత రాసేది చదివి ఆయన్ని దుర్మార్గుడనుకుంటారు. పొరలు తరిగే మైక్రోటోమ్ కత్తికి సాన ఎలా పట్టాలో నా పక్కన నిలబడి నేర్పారు. వాళ్ళింటికి వెళ్తే భోజనం పెట్టకుండా ఎన్నడూ పంపలేదు. ఆడపిల్లవి నీకెందుకమ్మా ఇదంతా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. "చూడమ్మా, ప్రకృతి జల్లెడ ఒక్కసారే నేసింది. ముందు ఈ ఒంటరి కణం. తర్వాత ఇవే వరస కట్టాయి. వరస వెనక గొట్టం వచ్చింది. ఆ గొట్టమే పెరిగి పెరిగి మన కిడ్నీ అయింది. నేను రిటైరయ్యేలోపు నువ్వు దీనికి సాక్ష్యం చూపించాలి."

ఆయన చెప్తుంటే ఒళ్ళు పులకరించేది. సాక్ష్యం చూపిద్దామని నేను కూడా తహతహలాడిపోయాను. మీకు నా సలహా ఏంటంటే, చెడ్డ గైడుతో పెద్ద ప్రమాదం లేదు, మొదటి ఏడే పోట్లాడి బయటపడతారు. తన సిద్ధాంతాన్ని ప్రేమించే మంచి గైడుతోనే జాగ్రత్త. ఆయన ముఖం చిన్నబోతుందని మీరు చూసింది చూడనట్టు ఊరుకుంటారు.

నత్తలు తెచ్చే మనిషి

నాకు నత్తలు తెచ్చిచ్చేది నూకరత్నం. అప్పుడు డెల్టా అంతా రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. నత్త మాంసం రొయ్యలకు మేత. ఆడవాళ్ళు తెల్లారి కాలువల్లో దిగి నత్తలు ఏరి, పెంకులు పగలగొట్టి, మాంసం చెరువులకు పంపేవాళ్ళు. పెంకులు సున్నం బట్టీకి వెళ్ళేవి. నూకరత్నం ఆ పనిలో ఆరితేరిన మనిషి. నెలకోసారి తడి గోనెసంచిలో బతికున్న నత్తలు మా ల్యాబ్ వెనక గుమ్మం దగ్గర దింపేది.

దింపి ఊరికే పోయేది కాదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా గాజు సీసాలన్నీ చూసి అనేది: "ఏంటండి మేడంగారూ, ఇన్నేసి నత్తలు కోసి కోసి ఒక్కపాలైనా కూరొండుకున్నారా? మా ఇంటికి రండి, నే వండి పెడతాను. అప్పుడు తెలుస్తాది మీకు నత్తంటే ఏంటో."

"నీ నత్తలూ వద్దు, నీ కూరా వద్దు. బతికున్నవి తెచ్చావా లేదా చెప్పు" అనేదాన్ని.

"ఆయ్, బతికున్నయ్యేనండి. మీకంటే చురుగ్గా ఉన్నాయి."

నేను వెంటనే లేబుల్ రాసేదాన్ని. నెల, తేదీ, ధవళేశ్వరం కింది కాలువ. ప్రతి సంచికీ అదే. మొదటి నెల ఎక్కడ ఏరావని అడిగితే కాలవలో అంది. ఆ ఒక్కసారే అడిగాను. మళ్ళీ అడగలేదు, చూడ్డానికి ఒక్కసారైనా వెళ్ళలేదు. ఇంట్లో ఒక్కచోట కూర్చోలేని మనిషిని, మూడు మైళ్ళ దూరంలో ఉన్న కాలువ గట్టుకు మాత్రం వెళ్ళలేకపోయాను. టైము లేదట! ఏడిసినట్టే ఉంది నా టైము.

మిగిలిన పనంతా కష్టపడి చేశాను, అందులో దొంగతనం లేదు. ముక్క కోసి, కుళ్ళకుండా మందులో నానబెట్టి ఫిక్స్ చేసి, మైనంలో బిగించి, సన్నటి పొరలుగా తరిగి, రంగు వేసి చూడ్డం. మొదటి చలికాలం నత్తల్లో జల్లెడ కణాలు తేటగా కనబడ్డాయి. లోపల పెద్దగా ఏమీ లేదు. వేసవి సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంటుంది కదా అని మే నెల నత్తల మీద కూర్చుని ఎక్కువ పని చేశాను. ఎండకు మైనం మెత్తబడి పొర రాదు. రొయ్యలకు వేసే ఐసు దిమ్మ తెప్పించి, కత్తి చల్లబరుచుకుంటూ తరిగాను. అప్పుడు కనబడ్డాయి. కణం నిండా నల్లటి రేణువులు. రాగి ఉన్నచోట ముదురు పచ్చగా తేలే రంగు వేస్తే రేణువులన్నీ ఆ రంగుకు తిరిగాయి. హైదరాబాదు తీసుకెళ్ళి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటోలు తీయించాను. చీలికలు, వాటి వెనక ఖాళీ, లోపల రేణువులు, అన్నీ ఒకే ఫొటోలో పడ్డాయి. మరుసటి మే నెలలోనూ అదే ఫలితం.

విశ్వనాథం గారు ఆ ఫొటోను కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "ఇదేనమ్మా! నత్త రక్తంలో రాగి ఉంటుంది, పాతబడిన రాగిని ఇది వడగట్టి దాచుకుంటోంది. విసర్జన ఇక్కడ మొదలైందమ్మా" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. నా కళ్ళల్లోనూ.

"మరి చలికాలం నత్తల్లో రేణువులు లేవు కదండీ?" అన్నాను.

"ఫిక్సేషన్ సరిగా కుదిరుండదు. కొత్తలో చెయ్యి తిరగలేదు కదా నీకు."

నిజమే అనుకున్నాను. చలికాలానివి సరిగా కుదరలేదని థీసిస్‌లో ఒక వాక్యం రాశాను. నాలుగో అధ్యాయం మొత్తం మే నెల నత్తలతో నిలబడింది.

కాలువ కట్టేశాక

థీసిస్ టైపు అయిపోయింది. బైండింగ్ మిగిలింది. కృతజ్ఞతల పేజీలో నూకరత్నం పేరు పెడదామనుకున్నాను. ఇంటిపేరు తెలియదు. అడుగుదామని ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె కొనుక్కుని, మొదటిసారి వాళ్ళ పేటకు వెళ్ళాను. ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని నత్తలు కొడుతున్నారు. నూకరత్నం నన్ను చూసి చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చింది.

"నా పేరు పుస్తకంలో ఏత్తారా? ఓయమ్మో! ఏం రాశారండి, చదవండి ఓసారి" అంది. అందరూ చుట్టూ చేరారు.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివాను, గొప్పగా. ధవళేశ్వరం కింది కాలువలో ప్రతి నెలా సేకరించిన నత్తలు. ముఖ్యంగా రెండు వరస సంవత్సరాల్లో మే నెలలో సేకరించినవి.

నూకరత్నం ముఖం అదోలా పెట్టింది. "మే నెల్లో కాలవలో నత్తలేంటండి మేడంగారూ? కాలవ కట్టేత్తారు గదండి!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. వేసవిలో మరమ్మతుల కోసం ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్ళు ఆపేస్తారని ఇక్కడ నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. నేను కాలువ గట్టు మీద పుట్టినదాన్ని. ఎండిన కాలువలో అడ్డంగా నడిచి పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినదాన్ని. నీళ్ళు లేని రోజుల్లో నత్త బురదలోకి దిగి మూత బిగించుకుని పడుకుంటుందని ఏటా పాఠం చెప్పేదాన్ని. అలాంటిది, రెండేళ్ళు వరసగా మే నెల, కాలువ అని నా చేత్తోనే లేబుల్ మీద రాశాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి మే నెలలో తెచ్చినవి ఎక్కడివి?" అన్నాను.

"రొయ్యల చెరువు గట్టు మీదియ్యండి. నాచుకని చెరువులో మైలుతుత్తం కొడతారు గదండి. ఆ మంటకి చావకుండా మిగిలిన నత్తలు గట్టెక్కేత్తాయి. వంగి ఏరుకోడమే. ఆటిని మేం మేతకెయ్యమండి, పాపం రొయ్యలు చత్తాయి. మీరైతే తినేదేముంది, కోసి చూత్తారంతే గదాని మీకు తెచ్చాను." నా ముఖం చూసి భయపడింది. "ఏవండీ, తప్పయిపోయిందాండి?"

"నీది కాదు" అన్నాను.

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు, రాగి. నేను రెండేళ్ళు చూసి మురిసిపోయిన రేణువులు పాతబడిన రాగీ కాదు, విసర్జనకు మొదటి మెట్టూ కాదు. రైతు పోసిన మందు తాగి, దాన్ని ఎక్కడో ఒకచోట కుక్కుకుని బతికి బయటపడిన నత్తలవి. సరిగా కుదరలేదని నేను పక్కన పెట్టిన చలికాలం నత్తలే ఆరోగ్యమైనవి.

మర్నాడే బస్సెక్కి విశ్వనాథం గారింటికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఇంకో ఆరునెలల్లో ఆయన రిటైర్మెంటు.

"మళ్ళీ చెయ్యాలంటే ఎంతకాలం పడుతుంది?"

"రెండేళ్ళండి. తక్కువలో తక్కువ."

"నీ సెలవు ఎన్నాళ్ళుంది?"

"మూడు వారాలు."

కళ్ళజోడు పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "అమ్మా, గోదావరి కాలువలు ఎప్పుడు కడతారో పరీక్షకులకు తెలుస్తుందా? కాలువ అన్న మాట తీసెయ్యి. డెల్టాలోని నీటి వనరుల నుంచి సేకరించినవి అని రాయి. చెరువు కూడా నీటి వనరే కదా. అబద్ధమేముంది అందులో?"

లేదు, అందులో అబద్ధమేమీ లేదు. ఇప్పటికీ ఆ వాక్యంలో మీకు అబద్ధం దొరకదు. ఆయన భార్య భోజనానికి పిలిచారు. కూర్చుని తిన్నాను. తిరిగొచ్చి ఒక్క పేజీ మళ్ళీ టైపు చేయించాను.

ఆయన్ని తప్పుపట్టి నేను తప్పించుకోను. నాకు డిగ్రీ కావాలి. మూడేళ్ళు ఏం చేశావని కాలేజీలో అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. కాలువలు ఎప్పుడు కడతారో తెలియని మనిషినని నలుగురిలో తెలిస్తే పరువు పోతుందని భయం. ఇవి నా కారణాలు. గొప్ప కారణం ఒక్కటీ లేదు. ఇంకో సిగ్గుమాలిన పని కూడా చేశాను. కృతజ్ఞతల పేజీలో నూకరత్నం పేరు పెట్టనే లేదు. పేరుంటే ఎవరైనా ఆమెను పట్టుకుని అడుగుతారేమోనని.

వైవాలో పరీక్షకుడు నాలుగో అధ్యాయం ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. విశ్వనాథం గారు నా ఫొటోతో వ్యాసం రాసి ఒక పత్రికలో వేయించారు. ఆయన పేరు ముందు, నా పేరు తర్వాత.

లేబుల్ మేడమ్

ఆ తర్వాతి ఏళ్ళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పేరు ముందు డాక్టర్ అని ఎవరైనా రాస్తే చిరాకు. ప్రతి వేసవికీ కాలువలో నీళ్ళు తగ్గడం మొదలవగానే నిద్ర పట్టేది కాదు. ఏదో ఒక వంక పెట్టుకుని కోరుకొండ పోయేదాన్ని, భీమవరం చుట్టాలింటికి పోయేదాన్ని, దారంతా చెరువులు చూస్తూ కుతకుతలాడేదాన్ని. సరిదిద్దుతూ ఒక ఉత్తరం రాయడం ఎంత పని? రాద్దామని కూర్చుంటే విశ్వనాథం గారి భార్య వడ్డించిన అన్నం గుర్తొచ్చేది. లేచిపోయేదాన్ని. అయినా ఆ పత్రిక ఎవడు చదివి చచ్చాడులే అనుకునేదాన్ని. అదీ నా ధైర్యం.

ఆ కోపమంతా విద్యార్థుల మీద చూపించాను. ఎవరైనా సీసా మీద ఊరు పేరు, నీటి పేరు, ఏరిన మనిషి పేరు రాయకపోతే ఆ సీసా ఎత్తి సింకులో పోసేసేదాన్ని. "నువ్వు చూశావా దీన్ని ఎక్కడ ఏరారో? నీ కళ్ళతో చూశావా?" అని అరిచేదాన్ని. నాకు లేబుల్ మేడమ్ అని పేరు పెట్టారు. క్రమశిక్షణ గల మనిషినని బయట గౌరవం. ఛీ.

వసుధ

రెండువేల ఐదో, ఆరో. సెలవు రోజు. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. ఒకమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, లోపలికి రావచ్చాండీ?" అంది. పేరు వసుధ. భీమవరం దగ్గర పల్లె. వేరే యూనివర్సిటీలో రిసెర్చి. చేతిలో చిన్న చెక్క స్లైడు పెట్టె.

"మేడమ్, మీ నాలుగో అధ్యాయం నాకు కంఠతా వచ్చండి" అంది కూర్చోకుండానే. "జల్లెడ కణాల మీదే నేనూ చేస్తున్నాను. మీరు చూసిన రేణువుల్లో ఏయే పదార్థాలున్నాయో తేల్చాలి. అది మా గైడుగారిచ్చిన టాపిక్. మూడేళ్ళయిందండి. నాకు ఒక్క రేణువు కూడా రాలేదు."

స్టూలు ముందుకు జరిపాను. కూర్చోలేదు.

"ఫిక్సేటివ్‌లు నాలుగు రకాలు మార్చాను. మీరు రాసింది రాసినట్టు చేశాను. కాలువలో నేనే దిగి ఏరుకున్నాను, కాలువ కట్టేశాక మే నెలలో మడుగుల్లో ఏరుకున్నాను. అన్నీ ఖాళీగానే వస్తున్నాయి. మా సార్ అంటారు, నీ చెయ్యి మంచిది కాదమ్మాయ్, అందరికీ రాదు ఈ పని అని. ఒక్కసారి మీరు చూస్తే నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో తెలుస్తుందని వచ్చానండి."

పెట్టెలోంచి స్లైడు తీసి ఇచ్చింది. మైక్రోస్కోపు కింద పెట్టాను. నా జన్మలో అంత చక్కటి పొర చూడలేదు. ముడత లేదు, చిరుగు లేదు, రంగు ఎక్కడా చిక్కబడలేదు. జల్లెడ కణాలు తేటగా, వేటికవి విడివిడిగా కనబడుతున్నాయి. వాటి లోపల రాగి రేణువులు ఒక్కటీ లేవు. ఉండవు. కాలువలో, మడుగులో నత్తకు మైలుతుత్తం ఎక్కడినుంచి వస్తుంది?

తల ఎత్తకుండా అలాగే చూస్తూ ఉండిపోయాను. "కాస్త ఫిక్సేషన్ చూసుకో అమ్మా" అని పంపేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా, దాచుకోను. కానీ ఆ అమ్మాయి నోట్సు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, నేనేం చెప్తే అది రాసుకుందామని నిలబడి ఉంది. నా వల్ల కాలేదు.

అంతా చెప్పాను. నూకరత్నం, మే నెల, గట్టు మీద నత్తలు, నీటి వనరులు అన్న మాట, ఏదీ వదల్లేదు. వసుధ పెన్ను మూత పెట్టింది.

"మాకూ చెరువులున్నాయండి" అంది. "మా నాన్నగారు కూడా వేస్తారు మైలుతుత్తం. గట్టు మీద నత్తలు నేనే తీసి అవతల పారేస్తుంటాను. చెరువు అని ఒక్క మాట ఉంటే నాకు మొదటి రోజే అర్థమైపోయేదండి."

స్లైడు తీసి ఆమె పెట్టెలో జాగ్రత్తగా పెట్టాను.

ఆ వారంలో నేనేం చేశానో ఇక్కడే చెప్పేస్తాను, అదేం గొప్ప పని కాదు. పత్రికకు రాశాను, నాకు డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీకి రాశాను. పత్రికవాళ్ళు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో నాలుగు లైన్లు వేశారు. యూనివర్సిటీ నుంచి జవాబు లేదు. విశ్వనాథం గారికి ఫోన్ చేసి చెప్పాను. "సరేనమ్మా" అన్నారు, అంతే. మళ్ళీ ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. ఆ జల్లెడ కణమే నత్త రక్తంలో ఆక్సిజన్ మోసే నీలి పదార్థాన్ని తయారుచేస్తుందని తర్వాత వేరే దేశాలవాళ్ళు తేల్చారు. మూత్రపిండంతో దాని చుట్టరికం ఎంతవరకు అన్నది ఇంకా తేలలేదు. తేలుస్తారు ఎవరో, నాకంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్ళు.

ఆ రోజు ల్యాబ్‌లో మాత్రం నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. లేచి అటూ ఇటూ తిరుగుతూ గబగబా చెప్పుకుపోయాను. "చూడమ్మా, ఏం పోలేదు. నీ స్లైడ్లే సరైనవి. ఆరోగ్యమైన నత్తలో కణం ఎలా ఉంటుందో ఈ దేశంలో నీ దగ్గరున్నంత సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. మూడేళ్ళ స్లైడ్లు! అన్నీ పట్టుకురా. నేను కూర్చుని చూస్తాను. మీ సార్‌కు నేనే ఉత్తరం రాస్తాను, కావాలంటే వచ్చి చెప్తాను. ఇదే నీ థీసిస్."

వసుధ నిలబడే ఉంది. "లేవండి" అంది.

"ఏం లేవు?"

"స్లైడ్లండి. మా ల్యాబ్‌లో గాజు పలకలు తక్కువ కదండీ. రేణువులు రానివన్నీ పాడైపోయినవే కదా అని ఎప్పటికప్పుడు ఆసిడ్‌లో వేసి, కడిగి, మళ్ళీ వాడుకున్నాను. ఇదొక్కటి మీకు చూపిద్దామని ఉంచాను."

నేను నడవడం ఆపేశాను. మేమూ అలాగే చేసేవాళ్ళం. కుదరని స్లైడు కడిగేసి వాడుకోవడం మా ల్యాబుల్లో పద్ధతి. కుదరనిదంటే ఏంటో ఆ అమ్మాయికి నేర్పింది నా పుస్తకం.

"మళ్ళీ చేద్దాం" అన్నాను. "ఒక్క ఏడాది. నేను సాయం చేస్తాను."

"బ్యాంకు పరీక్ష రాశానండి. వచ్చింది. సోమవారం తణుకులో చేరాలి. మా సార్‌కు కూడా చెప్పేశాను." పెట్టె మూసి చంకలో పెట్టుకుంది. ఆ అమ్మాయి ముఖంలో కోపం ఉంటుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. "నేను మళ్ళీ మొదలెడదామని రాలేదండి. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకుని వెళ్ళిపోదామని వచ్చాను, అంతే."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి అడిగింది.

"అయితే మేడమ్, నా చెయ్యి బాగానే ఉందాండీ?"

"బాగుందమ్మా" అన్నాను. "నాకంటే చాలా బాగుంది."

తల ఊపి వెళ్ళిపోయింది.